కడిగేసిన రాయి

హిందూ మహాసముద్రం మీద, ఓడలోంచి
ఫిబ్రవరి 11

పెదనాన్నా,

ఫోన్ చేస్తే నువ్వు "హలో, హలో, ఏందమ్మా, వినపడటంలా" అని మూడుసార్లు అని పెద్దమ్మ చేతికిచ్చేస్తావు. నలభై ఏళ్ళు ఉలి మీద సుత్తి దెబ్బలు విన్న చెవులవి, వాటిని నేనేమీ అనను. వాట్సాప్‌లో పంపితే అద్దం మీద చీమలు పాకినట్టుందంటావు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. ఓడ మంగళూరు చేరాక పోస్టు చేస్తాను, తీరిగ్గా కళ్ళజోడు పెట్టుకుని చదువుకో.

సముద్రంలో నీకేం పని అని వచ్చేముందు అడిగావు కదా. దుర్గి బస్టాండు నుంచి మాచర్ల రోడ్డు మీద మూడు కిలోమీటర్లు నడిస్తే ఎంత దూరమో, ఇక్కడ నీళ్ళు అంత లోతు. అడుగంతా చిమ్మచీకటి. అక్కడ నేల నెర్రెలిచ్చి ఉంటుంది. సముద్రపు నీళ్ళు ఆ నెర్రెల్లోకి దిగి, కింద కాలుతున్న రాయిని తాకి, లోహాలు కరిగించుకుని వేడిగా పైకి చిమ్ముతాయి. పైన చల్లటి నీళ్ళు తగలగానే ఆ లోహం గడ్డకట్టి పొగగొట్టంలా నిలబడుతుంది. కొన్ని మన శిల్పాల షెడ్డుకన్నా ఎత్తు. ఎండ ముఖం ఎరగని ఆ చోట, వాటిని పట్టుకుని రొయ్యలూ నత్తలూ బతుకుతున్నాయి. వాటికి తిండి కంటికి కనపడని జీవులు. ఆ జీవులకు తిండి వేడినీళ్ళలో ఉండే గంధకం. వేడినీళ్ళు ఆగిపోతే అంతా పోతుంది. అప్పుడు దాన్ని చచ్చిన గొట్టం అంటాం. ఏది బతికుందో ఏది చచ్చిందో తేల్చడమే ఈ ప్రయాణంలో మా పని.

మొన్న మా రోబో, అంటే సముద్రం అడుగుకు దించే యంత్రం, ఒక గొట్టం ముక్క విరిచి పైకి తెచ్చింది, జానెడు మందం, మూరెడు పొడవు. మిగతావాళ్ళంతా కెమెరాలకు అతుక్కుపోయి ఉన్నారు, డెక్కు మీద నేనూ ఇద్దరు ఖలాసీలూ ఉన్నాం. రాయి దిగగానే ఏం చెయ్యాలో నాకు ఒకరు చెప్పాలా. ఆరేళ్ళప్పుడే నీ షెడ్డులో నేర్చుకున్నాను. ఒక బకెట్టు మంచినీళ్ళు, ఒక బ్రష్షు. సందు సందూ రుద్ది కడిగాను. సున్నంలాంటి తెల్లటి బురద ఊడొచ్చింది. దాని కింద రాయి రాగిరంగులో మెరిసిపోతోంది. నువ్వుంటే మెచ్చుకునేవాడివి.

నీ
జ్యోతిర్మయి


దుర్గి
మార్చి 6

చిరంజీవి జ్యోతికి, పెదనాన్న కోటేశ్వర్లు దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ పెద్దమ్మకి పైకి చదివి వినిపించాను. రొయ్యల దగ్గర ఆపి, "అంత లోతున వాటిని పట్టేదెవురు, తినేదెవురు" అని అడిగింది. పట్టరు, చూస్తారంట అన్నాను. మీ రాఘవమ్మ పెద్దమ్మకి నీ చదువు మీద ఉన్న గౌరవం కొంచెం తగ్గింది.

ఒకటి అడగాలి. తెల్లటిది ఊడొచ్చిందని రాశావు. అదేంది? ఏం చేశావు దాన్ని? మేం రాయి కడిగేది ఎందుకో తెలుసా. మాకు లోపలి రాయి కావాలి, బొమ్మ చెక్కాలి. నువ్వు బొమ్మ చెక్కబోవడం లేదు గదా. మా నాయన క్వారీలో రాయి లేపగానే ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. పైనున్న పొరను వేలితో తడిమి, వాసన చూసి, ఇది ఎన్నాళ్ళు ఎండ చూసింది, నీళ్ళు ఏ పక్కనుంచి పారినయ్, ఎక్కడ పగలబోతది, అన్నీ చెప్పేవాడు. అదయ్యాకే షెడ్డుకి తోలించేవాడు. షెడ్డులో మాత్రం కడగడమే పని. నువ్వు చూసింది షెడ్డు. ఆడపిల్లవని నిన్ను క్వారీకి ఎప్పుడూ తీసుకుపోలేదు.

ఊరికే అడిగాను. మీ పద్ధతులు వేరే ఉంటాయేమో. తిండి సరిగా తిను.

మీ పెదనాన్న


మంగళూరు
మార్చి 20

పెదనాన్నా,

ఉత్తరం అందింది. మా నివేదిక పద్నాలుగో తారీఖున అనుమతులిచ్చే కమిటీకి వెళ్ళింది. మేం చూసిన చోటు చచ్చిందని తేల్చాం. నా పేరే ముందుంది. మా పై అధికారి ఆరోగ్యస్వామి సార్ అందరి ముందూ మెచ్చుకున్నారు. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. పెద్దమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

జ్యోతిర్మయి


దుర్గి
మార్చి 29

జ్యోతీ,

పెద్దమ్మ మోకాళ్ళ గురించి నువ్వు అడగడం ఇదే మొదటిసారి. నాకు చెవుల్లేవు గానీ కళ్ళున్నాయి. నువ్వు పుట్టిన దగ్గర్నుంచి నాకు ఒక్క పేజీతో సరిపెట్టిన ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. నేను అడిగిన దానికి జవాబు లేదు. పేరు ముందుందని రాశావు, సంతోషం ఎక్కడా కనపడలేదు.

ఏం జరిగిందో రాయి. మీ నాన్నకి చెప్పను.

పెదనాన్న


మంగళూరు
ఏప్రిల్ 9

పెదనాన్నా,

ఆ తెల్లటిది బురద కాదు. అదే అక్కడి ప్రాణం. కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ కలిసి రాయి మీద పరుచుకుని అలా తెల్లగా పొరలా కనిపిస్తాయి. వేడినీళ్ళు ఇంకా ఊరుతున్న రాయి మీదే ఆ పొర ఉంటుంది. అది ఉంటే గొట్టం బతికున్నట్టు, లేకపోతే లేనట్టు. నేను దాన్ని బ్రష్షుతో గీకి, మంచినీళ్ళు పోసి, సముద్రంలోకి పారబోశాను. తర్వాత జీవులను వెతకాల్సిన లిఖిత వచ్చి, నేను తళతళా తోమిపెట్టిన రాయిని గీకి చూసి, ఏమీ లేదని రాసుకుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు.

పొర గురించి నేను పుస్తకాల్లో చదివాను, పరీక్షల్లో రాశాను. రాయి చేతికొచ్చేసరికి చదివింది ఎటు పోయిందో, చేతులు షెడ్డులోకి వెళ్ళిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. నీ మొదటి ఉత్తరం మార్చి పదమూడున వచ్చింది. చదవగానే నేనేం చేశానో అర్థమైంది. మర్నాడు సంతకం పెట్టాలి. పెట్టాను. తెలిసే పెట్టాను, పెదనాన్నా. నేను కడిగానన్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు, నన్ను ఎవరూ అడగలేదు.

చచ్చిన చోటని రాస్తే ఏమవుతుందని అడుగుతావు. బతికున్న చోటును ముట్టుకోకూడదని నియమం ఉంది. చచ్చిన చోట లోహం ఎంతుందో చూడటానికి రాయి పెకలించవచ్చు. నవంబరులో వెళ్ళే ఓడ పెద్ద ఇనుప గోళ్ళ యంత్రం తీసుకెళ్తోంది. నా సంతకం చూసుకుని వెళ్తోంది. అక్కడ నిజంగా ప్రాణం ఉంటే అదంతా నా మాట మీద పోతుంది. ఆ ఓడలో నాకు చోటుంది. నా ఉద్యోగం కాంట్రాక్టు, సెప్టెంబరు దాకానే. చెబితే రెండూ పోతాయి.

ఏం చెయ్యను?

జ్యోతి


దుర్గి
ఏప్రిల్ 18

జ్యోతీ,

నోరు మూసుకుని ఉండు.

కోపం తెచ్చుకోకుండా చదువు. ఉద్యోగం పర్మినెంటు కానీ. ఆ తర్వాత ఏదో ఒక దారిన నెమ్మదిగా చెప్పొచ్చు. ఎవరు చూశారు? ఖలాసీలకు తెలుస్తుందా? నాలుగు బండలు పోతే సముద్రం తరిగిపోదు.

నువ్వే కాదు, ఈ పనిలో అందరం ఇంతే. చెప్పకూడదు గానీ చెబుతున్నాను. బొమ్మ ముప్పాతిక అయ్యాక లోపల నుంచి పగులు బయటపడుతుంది. ఆర్నెల్ల పని. ఏం చేస్తాం? లక్క కరిగించి, అదే రాయి పొడి కలిపి, పగుల్లో కూరి, సానబట్టి, నూనె రాస్తాం. చెక్కిన వాడికి తప్ప తెలియదు. మా నాయన చేశాడు, నేను చేశాను, మీ నాన్న ఈ పని మానుకోక ముందు వాడూ చేశాడు. పగిలిన విగ్రహం పూజకి పనికిరాదని తెలిసే చేశాం. ఇప్పుడు కూడా క్రోసూరు గుడి వాళ్ళకి చేస్తున్న నందికి మెడ కింద సన్నటి గీత కనపడింది. పొడి నూరి పెట్టుకున్నాను.

ఇందులో నా తప్పు కూడా ఉంది. నీకు సగం పనే నేర్పాను. కడగడం చూపించి, చూడటం చూపించలేదు. అందుకే చెబుతున్నాను, ఊరుకో.

పెదనాన్న


మంగళూరు
జూన్ 2

పెదనాన్నా,

నీ ఉత్తరం చించేద్దామనుకున్నాను. చించలేదు, నెల రోజులు జవాబివ్వకుండా కూర్చున్నాను. నా మీద ప్రేమతోనే రాశావని తెలుసు. అదే ఎక్కువ కోపం తెప్పించింది. నువ్వు తిడతావనీ, ఆ తిట్లు పట్టుకుని వెళ్ళి చెప్పేస్తాననీ అనుకున్నాను. నువ్వు ఊరుకోమనేసరికి నా అంతట నేనే వెళ్ళాల్సి వచ్చింది.

నీ నందికి పగులున్నా గుళ్ళో నందిగానే ఉంటుంది, ఎవరూ దాన్ని ముక్కలు చెయ్యరు. నా గొట్టాన్ని చేస్తారు. నాలుగు బండలన్నావు. అక్కడి జీవులు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు. ఉందో లేదో తెలియని దాన్ని నేను లేదని రాశాను. ఇక నేను ఊరుకోలేను.

మే నెల ఐదున ఆరోగ్యస్వామి సార్ గదికి వెళ్ళాను. ఆయనది ఫిరంగిపురం. ఆఫీసులో అంతా ఇంగ్లీషే, కోపం వస్తే మాత్రం మన మాట బయటకొస్తుంది. రాయి కడిగానని చెప్పాను.

"కడిగావా? మంచినీళ్ళతోనా? ఏందమ్మా, అంట్లనుకున్నావా?" అన్నారు.

సార్ నివేదిక తీసి నా ముందు పెట్టారు.

"పది మంది సంతకాలున్నయ్ దాని మీద. కమిటీ వాళ్ళకి నేనేం చెప్పాల? మా పిల్ల రాయి తోమిందని చెప్పాలా?"

"అవును సార్. అదే చెప్పాలి" అన్నాను.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "నువ్వు కడిగావంటే మనకి తెలియదని అర్థం, అంతే. బతికుందని కాదు. తెలియదంటే వాళ్ళు ఓడ ఆపరు. బతికుందని చూపించు, అప్పుడు నేను మాట్లాడతా." అప్పటికప్పుడే నవంబరు ఓడలో నా పేరు కొట్టేసి లిఖిత పేరు రాశారు. నా కళ్ళముందే రాశారు.

లిఖితకు కూడా నేనే చెప్పాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ఇక చూపించడమే మిగిలింది. రోబో కెమెరా తీసిన వీడియో నలభై ఆరు గంటలుంది. మొదట్నుంచీ కూర్చున్నాను. పగలు నా పని, సాయంత్రాలు ఇది. అంతా నల్లటి నీళ్ళూ బూడిదరంగు రాయే. కళ్ళు మండి, చూసింది చూడలేదనిపించి, వెనక్కి తిప్పి మళ్ళీ చూసేదాన్ని. ముప్పై ఒకటో గంటలో పదకొండు సెకన్లు దొరికాయి. రోబో చెయ్యి గొట్టాన్ని పట్టుకోవడానికి ముందు, దాని వెనక నీళ్ళు వణుకుతున్నాయి. మిట్టమధ్యాహ్నం పిడుగురాళ్ళ సున్నపు బట్టీల మీద గాలి ఎలా కదులుతుందో అలాగ. అంటే వేడి ఉంది. గొట్టం మీద తెల్లటి పొర ఉంది, నీటి వాలుకి అటూ ఇటూ ఊగుతోంది. పైనుంచి రాలిన మట్టయితే ఊగదు. రాయిని పట్టుకుని బతికేదే అలా ఊగుతుంది.

సార్ ఆ పదకొండు సెకన్లు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. ఫోన్ తీసి కమిటీకి చేశారు. నవంబరు ఓడ వెళ్ళగానే ముందు చూడాలి, బతికుంటే యంత్రం దించకూడదు, ఇదీ ఒప్పందం. నా కాంట్రాక్టు మాత్రం ఆర్నెల్లు పొడిగించారు.

నా చేత్తో పారబోసింది నా కళ్ళతోనే వెతుక్కున్నాను. ఇప్పుడు నిద్ర పడుతోంది.

జ్యోతి


దుర్గి
ఆగస్టు 21

జ్యోతీ,

నీ ఉత్తరం చదివిన రోజు షెడ్డుకి వెళ్ళి పని చెయ్యలేకపోయాను. ఊరుకోమన్నందుకు సిగ్గేసింది. పెద్దవాణ్ణి, సిగ్గేసిందని రాయడం కష్టంగానే ఉంది.

క్రోసూరు నుంచి నరసింహారావు గారూ ఇంకో ఇద్దరూ ఆటోలో వచ్చారు, నందిని తీసుకుపోవడానికి. నంది చక్కగా కుదిరింది, ముఖ్యంగా మూపురం. పగులు ఇంకా పూడ్చలేదు. పొడి డబ్బాలోనే ఉంది. వాళ్ళని దగ్గరికి పిలిచి, మెడ మీద చెంబుడు నీళ్ళు పోశాను. కాసేపటికి రాయంతా ఆరిపోయింది, గీత ఉన్నచోట మాత్రం తడి నల్లగా నిలిచింది. అదుగో చూడండి, పగులు, అన్నాను.

నరసింహారావు గారు ఏదో అన్నారు. నాకు వినపడలేదు. మీ పెద్దమ్మ నా చెవి దగ్గర అరిచింది: "నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదా మేస్త్రీ, ఎందుకు చెప్పినట్టు అంటన్నాడు."

"మా తమ్ముడి కూతురు అడుగుతది" అన్నాను. వాళ్ళకేం అర్థమవుతుంది. తల ఊపి, నందిని తీసుకోకుండా వెళ్ళిపోయారు. మళ్ళీ నాతోనే చేయిస్తారో, ఇంకొకరి దగ్గరికి పోతారో చెప్పలేదు. కొత్త రాయి కోసం నిన్న క్వారీకి పోయాను. చెవులు లేకపోయినా పొర చూడటానికి కళ్ళు చాలు.

ఇంకొక మాట. నువ్వు ఆరోగ్యస్వామి గారికి కడిగానని చెప్పావు. నా ఉత్తరం చూశాక, తెలిసే సంతకం పెట్టానని చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. నాకు చెప్పావు, ఆయనకి చెప్పలేదు. నేను పొరపాటుగా చదివితే మన్నించు. పొరపాటుగా చదవలేదనే అనుకుంటున్నాను.

పెదనాన్న


మంగళూరు
డిసెంబరు 4

పెదనాన్నా,

నువ్వు సరిగ్గానే చదివావు. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

ముందు కబురు. నవంబరు 26 పొద్దున పదకొండింటికి ఓడ నుంచి లిఖిత మాట్లాడింది. నేను ఆఫీసులో నా బల్ల దగ్గరే ఉన్నాను. లైను గరగరమంటోంది. "అక్కా, బతికుంది" అంది. రొయ్యలు, నత్తలు, తెల్లటి పొర, వెనక పక్కన సన్నగా వేడినీళ్ళు, అన్నీ ఉన్నాయి. మేం మొదటిసారి ఎదర వైపే చూశాం, అటు పక్కకి వెళ్ళలేదు. "నమూనా తీసుకున్నాం. నేనే పట్టుకున్నా. ఎవర్నీ దగ్గరికి రానివ్వలా" అంది. పెదనాన్నా, నాకు ఏడుపొచ్చింది. సంతోషమే, కానీ అక్కడ నేను లేను. దాన్ని నా కళ్ళతో చూడలేకపోయాను, ఆ బాధ ఉంది, ఉంటుంది.

ఇనుప గోళ్ళ యంత్రాన్ని దించలేదు. ఆ చోటును ముట్టకూడని చోట్ల జాబితాలో చేర్చారు.

నిన్న ఆరోగ్యస్వామి సార్ పిలిచారు. మంచి హుషారుగా ఉన్నారు. పాత నివేదికను రద్దు చేస్తూ ఒక పేజీ రాయమన్నారు, నువ్వు పట్టుబట్టబట్టే ఆ చోటు మిగిలిందన్నారు, వచ్చే ఏడు ఓడలో నీ పేరు నేనే పెడతానన్నారు. అదంతా వింటూ నిలబడ్డాను. ఎంత కావాలనుకున్న మాటలో అవి. ఇక్కడితో ఆగిపోతే సరిపోతుంది, ఇక ఎవరూ ఏమీ అడగరు. నందిని తీసుకోకుండా క్రోసూరు ఆటో వెళ్ళిపోతుంటే నువ్వు షెడ్డు గుమ్మంలో నిలబడి చూడటం కళ్ళకు కట్టింది.

బల్ల దగ్గరికొచ్చి మూడు వాక్యాలు రాశాను. మొదటి నివేదికలో ఈ చోటు చచ్చిందని రాయడం తప్పు. నమూనాను పరీక్షించక ముందే నేను మంచినీళ్ళతో కడిగాను. ఆ కడగడం వల్ల ఫలితం తప్పయి ఉండొచ్చని తెలిసిన తర్వాత కూడా నేను సంతకం పెట్టాను.

సార్ చదివారు. మూడో వాక్యం దగ్గర ఆగారు. హుషారంతా పోయింది.

"ఇది ఎప్పుడు తెలిసింది నీకు?"

"మార్చి పదమూడున, సార్. సంతకానికి ముందు రోజు."

పెన్ను తీసి ఆ వాక్యం కింద పెట్టారు, కొట్టేయడానికి. "ఇది ఎవురూ అడగలా జ్యోతిర్మయీ. మొదటి రెండూ చాలు. ఇది ఉంటే ఓడ సంగతి నేను చెప్పలేను, కాంట్రాక్టు సంగతీ చెప్పలేను."

"ఉండాలి సార్" అన్నాను.

ఆయన నా వంక చూశారు. పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నారు. కాగితం అలాగే కమిటీకి వెళ్ళింది, మూడు వాక్యాలతో. ఓడ ఎక్కనిస్తారో లేదో తెలియదు. మార్చి తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఓడలో చోటు మళ్ళీ అడుగుతాను, కాదంటే మళ్ళీ అడుగుతాను. ఆ పేజీ నకలు ఒకటి దీనితో పంపుతున్నాను, ఇంగ్లీషులో ఉంది, కింద తెలుగులో రాశాను. పెద్దమ్మకి మూడోది కూడా చదివి వినిపించు.

నీ
జ్యోతిర్మయి